దూకుడుకు గణితం చెప్పే జవాబు

చేతిలో ఏ ముక్కలున్నాయన్న దానితో నిమిత్తం లేకుండా ప్రతి ఆటలోనూ పందెం పెంచుకుంటూ పోయే ఆటగాడు పోకర్ బల్ల దగ్గర కూర్చుంటే, మిగిలినవారి ఆట సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడుతుంది. కొందరు బెదిరిపోయి, గెలవగలిగిన ముక్కలను కూడా పారేసి తప్పుకుంటారు. మరికొందరు రోషానికి పోయి, అతనికన్నా మొండిగా పందెం పెంచి, అతనితోపాటు తామూ మునుగుతారు. పోకర్ పరిభాషలో ‘మేనియాక్’ అని పిలిచే ఈ తరహా ఆటగాడు చివరికి ఓడిపోతాడని అనుభవజ్ఞులందరూ చెబుతారు. కానీ అతను ఎందుకు ఓడతాడో, ఎవరి చేతిలో ఓడతాడో, ఎలాంటివారి మధ్య ఓడకుండా లాభపడతాడో స్పష్టంగా తేలడానికి సంభావ్యతా శాస్త్రంతో పాటు, ఒకరి ఎత్తు మీద మరొకరి ఎత్తు ఆధారపడే సందర్భాలను గణితంతో విశ్లేషించే గేమ్ థియరీ కూడా కావలసి వచ్చింది. ఆ రెండూ కలిసి తేల్చిన విషయాన్ని క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు: దూకుడు బలం ప్రధానంగా ఎదుటివారి వెనకడుగులో ఉంటుంది గనుక, ఎంత బలం ఉంటే నిలబడవచ్చు అన్న కొలతను లెక్క ప్రకారం సవరించుకోవడమే దానికి తగిన విరుగుడు.

ఆట స్వరూపం

నేడు ప్రపంచంలో ఎక్కువమంది ఆడే పోకర్ రకం టెక్సస్ హోల్డెమ్. ఇందులో ఒక్కొక్క ఆటగాడికి ఇతరులకు కనిపించకుండా రెండేసి ముక్కలు పంచుతారు. ఆ తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలను బల్ల మీద మూడు విడతలుగా తెరుస్తారు. మొదట ఒకేసారి తెరిచే మూడు ముక్కలను ఫ్లాప్ అనీ, నాలుగోదాన్ని టర్న్ అనీ, ఐదోదాన్ని రివర్ అనీ అంటారు. తన రెండింటినీ, ఉమ్మడిగా ఉన్న ఐదింటినీ కలుపుకొని, ఆ ఏడింటిలో ఎవరు ఎక్కువ విలువగల ఐదు ముక్కలను కూర్చగలరో వారిదే గెలుపు. ముక్కలు పంచగానే ఒకసారి, ఆ పైన ప్రతి విడత తరువాతా ఒక్కోసారి పందేలు సాగుతాయి. పందెం వేయకుండా వంతు దాటించడాన్ని చెక్ అనీ, ఎదుటివారి పందేనికి సమానంగా డబ్బు పెట్టి ఆటలో నిలవడాన్ని కాల్ అనీ, ఆ పందేన్ని పెంచడాన్ని రైజ్ అనీ, ముక్కలు పారేసి తప్పుకోవడాన్ని ఫోల్డ్ అనీ, బల్ల మధ్య పోగైన మొత్తం సొమ్మును పాట్ అనీ వ్యవహరిస్తారు. ఒక్కరు తప్ప మిగతా అందరూ తప్పుకుంటే, ఆ మిగిలిన ఒక్కరు తమ ముక్కలు చూపించవలసిన పని కూడా లేకుండా పాట్‌ను సొంతం చేసుకుంటారు. బలహీనమైన ముక్కలతో పెద్ద పందెం కట్టి ఎదుటివారిని తప్పించే బ్లఫ్‌కు చోటిచ్చింది ఈ నియమమే.

52 ముక్కల కట్ట నుంచి రెండు ముక్కలను 1,326 విధాలుగా ఎంచవచ్చు. వాటిలో ఒకే విలువగల జోడీ పడే అవకాశం 17లో ఒకటి. అన్నిటికన్నా బలమైన ఆసుల జోడీ పడే అవకాశం 221లో ఒకటి. జోడీ కాని రెండు ముక్కలు పట్టుకున్నవారికి ఫ్లాప్‌లో కనీసం ఒక జోడీ అయినా కుదిరే అవకాశం దాదాపు 32 శాతం. అంటే ఫ్లాప్ తెరిచిన ప్రతి మూడు సందర్భాల్లో రమారమి రెండింటిలో ఆటగాడి చేతిలో చెప్పుకోదగినదేమీ ఉండదు. ఈ అంకెలు మనుషుల స్వభావాన్ని బట్టి మారవు. దూకుడుగా ఆడేవారికైనా ముక్కలు అందరికీ పడినట్టే పడతాయి కనుక, పదే పదే పందెం పెంచేవారు అందులో ఎక్కువసార్లు బలం లేకుండానే పెంచుతున్నారని తేలిగ్గా గ్రహించవచ్చు.

దూకుడు ఎందుకు ఫలిస్తుంది

బలం లేకపోయినా దూకుడు కొన్నిచోట్ల లాభం తెచ్చిపెడుతుంది; ఆ కారణాన్ని గుర్తించకుండా దానికి విరుగుడు వెతకడం సాధ్యం కాదు. పాట్‌లో 100 చిప్స్ (డబ్బుకు బదులుగా వాడే బిళ్లలు) ఉన్నాయనీ, చేతిలో ఏమీ లేని ఆటగాడు మరో 100 చిప్స్ పందెం కట్టాడనీ అనుకుందాం. ఎదుటివారు తప్పుకుంటే అతనికి 100 వస్తాయి, నిలబడితే 100 పోతాయి. కాబట్టి ఎదుటివారు సగం సందర్భాలకన్నా ఎక్కువసార్లు తప్పుకుంటే చాలు, అతను ముక్కలు చూసుకోకుండానే లాభపడతాడు. పందెం పాట్‌లో సగమే అయితే, అంటే 50 చిప్స్ అయితే, మూడింట ఒక వంతుకు మించి తప్పుకున్నా అతనికి లాభమే. కాబట్టి మంచి ముక్కలు పడేదాకా కదలని ఆటగాళ్లు కూర్చున్న బల్ల దగ్గర దూకుడు ఆటగాడు గెలవడాన్ని అదృష్టమని కొట్టిపారేయడానికి వీల్లేదు, అక్కడ లెక్క నిజంగానే అతని పక్షాన ఉంటుంది.

ఇదే తర్కాన్ని జీవశాస్త్రవేత్తలు జంతువుల పోట్లాటల్లో గమనించారు. జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ 1973లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన నుంచి వికసించిన డేగ–పావురం నమూనాలో, డేగ తరహా జీవి ఎప్పుడూ పోరాడుతుంది, పావురం తరహా జీవి పోరు ముదిరితే తప్పుకుంటుంది. గుంపు నిండా పావురాలే ఉన్నప్పుడు వచ్చిపడిన డేగకు ప్రతి పోరులోనూ గెలుపే దక్కుతుంది. డేగల సంఖ్య పెరిగేకొద్దీ అవి ఒకదానినొకటి గాయపరచుకుంటాయి గనుక లాభం తగ్గుతూ వస్తుంది. పోరాడి సాధించే వస్తువు విలువకన్నా గాయం వల్ల కలిగే నష్టం ఎక్కువైనప్పుడు, ఆ రెండింటి నిష్పత్తి దగ్గర గుంపులో డేగల వాటా స్థిరపడుతుంది. దూకుడు లాభనష్టాలు చుట్టూ ఉన్నవారి ప్రవర్తనను బట్టి మారతాయన్న ఈ సూత్రం పోకర్ బల్లకు కూడా అన్వయిస్తుంది: అక్కడ దూకుడును పోషించేది తప్పుకునేవారు, దాన్ని ఓడించేది తగిన ముక్కలతో నిలబడేవారు.

ముక్కల పరిధి

తగిన ముక్కలు ఏవో నిర్ణయించడానికి పోకర్ విశ్లేషకులు వాడే ముఖ్యమైన భావన పరిధి. ప్రత్యర్థి చేతిలో ఉన్న కచ్చితమైన రెండు ముక్కలను ఊహించడం సాధ్యం కాదు కనుక, ఆ సందర్భంలో అతను ఏయే ముక్కలతో అలా ఆడతాడో వాటన్నిటినీ కలిపి ఒక సమూహంగా భావిస్తారు. ఆ సమూహమే అతని పరిధి. జాగ్రత్తగా ఆడే వ్యక్తి తనకు పడిన ముక్కల్లో 15 శాతంతో మాత్రమే పందెం పెంచుతాడనుకుంటే, 1,326 కలయికల్లో దాదాపు 199 అతని పరిధిలోకి వస్తాయి. దూకుడు ఆటగాడు 60 శాతంతో పెంచుతాడనుకుంటే అతని పరిధిలో దాదాపు 796 కలయికలు ఉంటాయి. పదుల జోడీ నుంచి ఆసుల జోడీ దాకా ఉన్న ఐదు పెద్ద జోడీలకు 30 కలయికలు, ఆసు–రాజు జతకు 16 కలయికలు, మొత్తం 46 బలమైన కలయికలు ఇద్దరి పరిధిలోనూ ఉన్నాయి. అయితే జాగ్రత్తపరుడి పరిధిలో వాటి వాటా సుమారు 23 శాతం కాగా, దూకుడు ఆటగాడి పరిధిలో 6 శాతం కూడా లేదు. ఇద్దరూ ఒకే రీతిలో, ఒకే మొత్తంతో పందెం పెంచినా, ఆ పందెం చెప్పే సమాచారం మాత్రం ఒకటి కాదు.

ఈ తేడా నిలబడటానికి కావలసిన బలాన్ని తగ్గిస్తుంది. పాట్‌లో 100 ఉండగా ప్రత్యర్థి 100 పందెం కడితే, కాల్ చేసేవారు మరో 100 పెట్టి 200 గెలుచుకునే అవకాశం పొందుతారు. కాబట్టి మూడింట ఒక వంతు సందర్భాల్లో గెలిచినా వారికి నష్టం లేదు. పందెం పరిమాణాన్ని బట్టి మారే ఈ కనీస గెలుపు వాటాను పాట్ ఆడ్స్ అంటారు. పాట్‌లో సగం పందేనికి అది 25 శాతం, పాట్‌కు రెట్టింపు పందేనికి 40 శాతం. ఏ ముక్కలు పడ్డాయో చూడకుండానే తన చిప్స్ మొత్తాన్ని పందెం కాసే వ్యక్తి ఎదురైతే, ఏడుల జోడీ సుమారు 66 శాతం, వేర్వేరు రంగుల ఆసు–ఎనిమిది జత సుమారు 60 శాతం, అతి సామాన్యమైన రాణి–ఏడు జత కూడా సుమారు 52 శాతం గెలుపు వాటా కలిగి ఉంటాయి. జాగ్రత్తపరుడి పందేనికి ఎదురుగా ఆసు–ఎనిమిదిని పారేయడం వివేకమే. దూకుడు ఆటగాడికి ఎదురుగా అదే జతను పారేయడం తప్పు లెక్క. అంతమాత్రాన ఏ ముక్కలతోనైనా నిలబడవచ్చని కాదు. ఎదుటివారి పరిధి ఎంత సడలిందో గమనించి, దానికన్నా కొంత బిగువైన పరిధితో నిలబడినప్పుడే లాభం తమ వైపు మిగులుతుంది.

ఇక్కడ ఒకరితో ఒకరుగా తలపడటం కూడా ముఖ్యం. ఆసుల జోడీకి ఏవో రెండు ముక్కలు పట్టుకున్న ఒక్క ప్రత్యర్థి ఎదురైనప్పుడు గెలుపు వాటా సుమారు 85 శాతం. అలాంటివారు ఇద్దరైతే 73 శాతానికి, నలుగురైతే 56 శాతానికి అది పడిపోతుంది. అందువల్లే అనుభవజ్ఞులు దూకుడు ఆటగాడికి ఎడమ వైపున, అంటే అతని తరువాత తమ వంతు వచ్చే చోట కూర్చోవడానికి ఇష్టపడతారు. అతను పందెం పెంచగానే, మంచి ముక్కలున్నప్పుడు మరింత పెంచి మిగిలినవారిని తప్పించి, అతనొక్కడితోనే ఆట సాగించడానికి ఆ చోటు వీలిస్తుంది.

మూడు ముక్కలతో ఒక నమూనా

అసలు పోకర్‌లో కలయికలు లెక్కకు అందనన్ని ఉంటాయి కనుక, గణితవేత్తలు మొదటి నుంచీ చిన్న నమూనాలను ఆశ్రయించారు. ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బోరెల్ 1920ల తొలినాళ్లలో వ్యూహాల గణితానికి పునాది వేశాడు. బుడాపెస్ట్‌లో పుట్టిన జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో ఇద్దరు ఆడే, ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ఆటలన్నిటికీ ఒక ప్రధాన సిద్ధాంతాన్ని నిరూపించాడు. ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన ఉద్గ్రంథంలో అతను పోకర్‌ను ప్రత్యేకంగా విశ్లేషించి, బ్లఫ్ అన్నది మానసిక చమత్కారం మాత్రమే కాదనీ, సరైన వ్యూహంలో తప్పనిసరి భాగమనీ చూపించాడు. ఎప్పుడూ బ్లఫ్ చేయనివారు బలమైన ముక్కలతో పందెం కట్టినప్పుడు ఎవరూ కాల్ చేయరు. అప్పుడప్పుడు బ్లఫ్ చేసేవారికే తమ బలానికి తగిన ప్రతిఫలం దక్కుతుంది. కాబట్టి దూకుడు ఆటగాడి తప్పు బ్లఫ్ చేయడంలో లేదు, చేయవలసిన మోతాదును మించి చేయడంలో ఉంది.

ఆ మోతాదు ఎంతో చూపించే అందమైన నమూనాను అమెరికన్ గణితవేత్త హెరాల్డ్ కూన్ 1950లో ప్రచురించాడు. ఇందులో రాజు, రాణి, జాకీ అన్న మూడు ముక్కలే ఉంటాయి. ఇద్దరు ఆటగాళ్లు తలా ఒక చిప్ పాట్‌లో వేసి ఒక్కో ముక్క తీసుకుంటారు. మొదటివాడు చెక్ చేయవచ్చు లేదా ఒక చిప్ పందెం కట్టవచ్చు. అతను చెక్ చేస్తే రెండోవాడు కూడా చెక్ చేసి ముక్కలు చూపించమనవచ్చు, లేదా తానే ఒక చిప్ పందెం కట్టవచ్చు; పందెం ఎదురైనవారు కాల్ చేయాలి లేదా తప్పుకోవాలి. పందెం పెంచే వీలు లేదు. ఈ ఆటకు ఉన్న సమతాస్థితిని, అంటే ఏ ఒక్కరూ తమ వ్యూహాన్ని మార్చుకొని లాభపడలేని స్థితిని, కూన్ పూర్తిగా లెక్కగట్టాడు. ఆ స్థితిలో రెండోవాడు తన ముందు చెక్ వచ్చినప్పుడు రాజుతో ఎప్పుడూ పందెం కడతాడు, రాణితో ఎప్పుడూ కట్టడు, జాకీతో మూడుసార్లకు ఒకసారి మాత్రమే బ్లఫ్ చేస్తాడు. మొదటివాడికి ఉన్న సరైన వ్యూహాల్లో ఒకటి ఏమిటంటే, ముందుగా ఎప్పుడూ చెక్ చేసి, పందెం ఎదురైతే రాజుతో తప్పక నిలబడి, జాకీతో తప్పక విరమించి, రాణితో మూడుసార్లకు ఒకసారి నిలబడటం. ఇద్దరూ ఇలా ఆడితే, తరువాత నిర్ణయించే వెసులుబాటు ఉన్న రెండోవాడికి స్వల్ప మొగ్గు లభించి, మొదటివాడు సగటున 18 ఆటలకు ఒక చిప్ నష్టపోతాడు.

ఇప్పుడు రెండోవాడు దూకుడు ఆటగాడై, చెక్ రాగానే చేతిలో ఏ ముక్క ఉన్నా పందెం కడతాడనుకుందాం. మొదటివాడు పైన చెప్పిన సమతాస్థితి వ్యూహాన్ని ఏమాత్రం మార్చకపోయినా ఫలితం తారుమారవుతుంది. 18 ఆటల్లో ఆరుసార్లు రాజు పడితే ఆరుసార్లూ రెండేసి చిప్స్ చొప్పున 12 వస్తాయి. ఆరుసార్లు రాణి పడితే తప్పుకున్న నాలుగుసార్లలో నాలుగు పోతాయి, నిలబడిన రెండుసార్లలో గెలుపోటములు సగటున సరిసమానమవుతాయి. జాకీ పడిన ఆరుసార్లూ ఒక్కో చిప్ చొప్పున ఆరు పోతాయి. వెరసి అంతకుముందు ఒక చిప్ నష్టం వచ్చిన చోట రెండు చిప్స్ లాభం మిగులుతుంది. ఎదురు దూకుడు అవసరం లేకుండానే, ప్రత్యర్థి మోతాదు తప్పడం వల్ల వచ్చిన లాభం ఇది.

మొదటివాడు ప్రత్యర్థి స్వభావాన్ని గుర్తించి, ఒకే ఒక్క మార్పు చేసి, రాణి పడినప్పుడల్లా నిలబడటం మొదలుపెడితే పోగొట్టుకుంటున్న ఆ నాలుగు చిప్స్ కూడా మిగులుతాయి. 18 ఆటలకు లాభం ఆరు చిప్స్‌కు చేరుతుంది. గమనించదగిన విషయమేమిటంటే, ఈ మార్పు అత్యుత్తమ ముక్కకూ సంబంధించినది కాదు, అధమ ముక్కకూ సంబంధించినది కాదు. రాజుతో ఎలాగూ నిలబడాలి, జాకీతో ఎలాగూ తప్పుకోవాలి. సంశయానికి తావిచ్చే నడిమి ముక్క దగ్గరే ఆటగాడి పరిజ్ఞానానికి విలువ ఉంది. రాజు పడినా ముందుగా పందెం కట్టకుండా చెక్ చేసి, ప్రత్యర్థి చేతనే పందెం కట్టించడం కూడా ఈ వ్యూహంలో ఇమిడి ఉంది, ఎందుకంటే బలహీన ముక్కతో కాల్ చేయనివారు కూడా అదే బలహీన ముక్కతో తామే ముందుకు దూకుతారు.

అయితే ఇదే నమూనా ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. రాణితో ఎప్పుడూ నిలబడే అలవాటును ప్రత్యర్థి పసిగట్టి, జాకీతో బ్లఫ్ చేయడం పూర్తిగా మానేసి, రాజుతో మాత్రమే పందెం కడితే, మొదటివాడికి ఆరు చిప్స్ లాభం పోయి 18 ఆటలకు మూడు చిప్స్ నష్టం వస్తుంది. సమతాస్థితిలో వచ్చే ఒక చిప్ నష్టానికి ఇది మూడు రెట్లు. ఎదుటివారి లోపాన్ని గరిష్ఠంగా వాడుకునే వ్యూహం ఏదైనా, తానూ ఒక లోపాన్ని బయటపెట్టుకుంటుందన్నది గేమ్ థియరీ నేర్పే కీలకమైన పాఠం.

గుర్తించడంలో తొందరపాటు

ఇంత పెద్ద మార్పులు ప్రత్యర్థి స్వభావం మీద ఆధారపడినప్పుడు, ఆ స్వభావాన్ని ఎంత నమ్మకంగా నిర్ధారించగలమన్న ప్రశ్న తలెత్తుతుంది. దీనికి 18వ శతాబ్దపు ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేయ్స్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం జవాబిస్తుంది. ముందుగా ఉన్న అంచనాను కొత్తగా కనిపించిన సాక్ష్యంతో ఏ నిష్పత్తిలో సవరించుకోవాలో ఆ సూత్రం చెబుతుంది. ఉదాహరణకు, బల్ల దగ్గరికి వచ్చే కొత్తవారిలో పదిమందిలో ఒకరు 70 శాతం ముక్కలతో పందెం పెంచే దూకుడు ఆటగాడనీ, మిగిలినవారు 20 శాతంతో మాత్రమే పెంచుతారనీ అనుకుందాం. ఒక అపరిచితుడు వరుసగా రెండు ఆటల్లో పందెం పెంచితే, అతను దూకుడు ఆటగాడై ఉండే అవకాశం 10 శాతం నుంచి సుమారు 58 శాతానికి పెరుగుతుంది. ఐదు ఆటల్లో నాలుగింట పెంచితే అది సుమారు 86 శాతమవుతుంది. రెండు పెంపులకే ‘ఇతను మేనియాక్’ అని ముద్రవేసినవారు ఐదుసార్లలో రెండుసార్లకు పైగా పొరబడతారు. ఐదు ఆటలదాకా చూసినవారు ఏడింట ఒకసారి మాత్రమే పొరబడతారు.

సాక్ష్యం ఏ రూపంలో దొరుకుతుందన్నది కూడా ముఖ్యం. ఎన్నిసార్లు పందెం పెంచాడన్న లెక్కకన్నా, చివరికి ముక్కలు తెరిచినప్పుడు ఏవి కనిపించాయన్నది చాలా ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే వరుసగా మంచి ముక్కలు పడిన జాగ్రత్తపరుడు కూడా కాసేపు దూకుడుగానే కనిపిస్తాడు. అంతేకాక, ముక్కలు పంచగానే విచ్చలవిడిగా పెంచేవారందరూ టర్న్, రివర్ దగ్గర కూడా అలాగే ఆడతారన్న హామీ లేదు. ఒక్కో దశలో ప్రవర్తనను విడివిడిగా గమనించి, సాక్ష్యం ఉన్న మేరకే ఆటను సవరించుకోవడం శాస్త్రీయమైన పద్ధతి.

ఒడిదొడుకులు, మనోనిబ్బరం

లెక్క సరిగ్గా ఉన్నా ఫలితం వెంటనే కనిపించకపోవడం ఈ విషయంలో అతి కఠినమైన పరీక్ష. 60 శాతం గెలుపు వాటాతో సమానమైన పందేలు ఐదు కాస్తే, మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఓడిపోయే అవకాశం దాదాపు 32 శాతం. అంటే సరైన నిర్ణయాలు తీసుకున్నవారు కూడా మూడింట ఒకసారి ఓటమితోనే లేస్తారు. అలాంటి పందేలు వంద కాస్తే, గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువగా ఉండే అవకాశం 2 శాతం లోపుకు పడిపోతుంది. సగటు ఫలితం చుట్టూ అసలు ఫలితాలు ఎంత చెల్లాచెదురుగా ఉంటాయో కొలిచే విస్తృతిని, దూకుడు ఆటగాడు తన పెద్ద పందేలతో ఎన్నో రెట్లు పెంచుతాడు. అతనితో ఆడేవారికి లాభం ఎక్కువ, ఆ లాభం చేతికందేదాకా తట్టుకోవలసిన ఊగిసలాట ఇంకా ఎక్కువ.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ప్రతిపాదించిన సూత్రం ఈ ఊగిసలాటకు ఒక హద్దు గీస్తుంది. సమాన పందెంలో 60 శాతం గెలుపు అవకాశం ఉన్నవారు, తమ మూలధనం దీర్ఘకాలంలో అత్యంత వేగంగా పెరగాలంటే, ఒక్కో పందెంలో దానిలో 20 శాతం మాత్రమే పెట్టాలని ఆ సూత్రం తేల్చింది. మొగ్గు తమవైపే ఉన్నా అంతకు మించి పణంగా పెట్టేకొద్దీ వృద్ధి మందగిస్తుంది, మరీ మించితే మూలధనమే కరిగిపోతుంది. సరైన లెక్క తెలిసినవారు కూడా తాహతుకు మించిన బల్ల దగ్గర కూర్చుంటే దెబ్బతినడానికి కారణమిదే.

దీనికి మానసికమైన పార్శ్వం కూడా ఉంది. వరుస ఓటముల తరువాత వివేచన సడలి, పోయినదాన్ని వెంటనే రాబట్టాలన్న ఆవేశంతో ఆడే స్థితిని పోకర్ ఆటగాళ్లు టిల్ట్ అంటారు. లాభం కలిగించే సంతోషం కన్నా అంతే నష్టం కలిగించే బాధ తీవ్రంగా ఉంటుందనీ, నష్టంలో ఉన్నవారు దాన్ని పూడ్చుకోవడానికి మామూలుగా చేయని సాహసాలకు ఒడిగడతారనీ డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రకటించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతం వివరించింది. దూకుడు ఆటగాడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా ఎదుటివారిని ఈ స్థితిలోకే నెడతాడు. పనికిరాని ముక్కలతో అతను ఒక పెద్ద పాట్ గెలిచినప్పుడు, దాన్ని అవమానంగా తీసుకున్నవారు మరుసటి ఆటలోనే అతని దారి పట్టి, అప్పటిదాకా తమకున్న మొగ్గును పోగొట్టుకుంటారు. అందువల్ల ప్రతి నిర్ణయాన్ని దాని ఫలితంతో కాక, ఆ క్షణంలో అందుబాటులో ఉన్న సమాచారంతో తూచడం అలవరచుకోవలసిన క్రమశిక్షణ.

అలాగే దూకుడు ఆటగాడి మీద బ్లఫ్‌లు ప్రయోగించడం సాధారణంగా వ్యర్థం. ఎదుటివారు తప్పుకుంటేనే బ్లఫ్ ఫలిస్తుంది; తప్పుకోవడం అలవాటు లేనివారి ముందు దానికి ప్రయోజనం ఉండదు. అలాంటివారి మీద ఓ మోస్తరు మంచి ముక్కలతో కూడా పందెం కట్టి ప్రతిఫలం రాబట్టుకోవడం, బ్లఫ్‌లను బాగా తగ్గించుకోవడం లెక్క సమర్థించే మార్గం.

యంత్రాలు నేర్పిన పాఠం

సమతాస్థితి వ్యూహం సురక్షితమైనది, లోపాలను వాడుకునే వ్యూహం లాభదాయకమైనది అన్న ఈ ద్వంద్వాన్ని గత రెండు దశాబ్దాల్లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు లోతుగా పరిశీలించారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బౌలింగ్ బృందం, ఇద్దరు ఆడే, పందెం పరిమాణానికి హద్దులున్న హోల్డెమ్‌ను దాదాపు సంపూర్ణంగా సాధించినట్టు 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తూమస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ రూపొందించిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్, పందేలకు హద్దులేని రకంలో నలుగురు వృత్తి ఆటగాళ్లతో 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో 1,20,000 ఆటలు ఆడి స్పష్టమైన ఆధిక్యంతో గెలిచింది. ఆ ప్రోగ్రామ్ ప్రత్యర్థుల బలహీనతలను వెతికి వాటి మీద దెబ్బకొట్టే ప్రయత్నం చేయలేదు. వారు ప్రయత్నించిన పందేలను బట్టి తన వ్యూహంలోని కంతలనే రాత్రివేళల్లో పూడ్చుకుంటూ వచ్చింది. తన ఆట సమతూకంగా ఉంటే ఎదుటివారి తప్పులు వాటంతటవే లాభంగా మారతాయన్న కూన్ నమూనా పాఠమే అక్కడ బృహత్ప్రమాణంలో రుజువైంది.

అయినా ఆ లాభాన్ని పెంచుకోవాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మైకేల్ జొహాన్సన్, మార్టిన్ జింకెవిచ్, బౌలింగ్ 2007లో ప్రతిపాదించిన పద్ధతి దీనికి ఒక మధ్యేమార్గం చూపింది. ప్రత్యర్థి కొంత వాటా మేరకు తన పాత ధోరణిలోనే ఆడతాడనీ, మిగిలిన వాటాలో మాత్రం ఎలాంటి ఎత్తునైనా వేయగలడనీ భావించి, దానికి తగిన సమతాస్థితిని లెక్కించడం ఆ పద్ధతి సారం. దాని వల్ల భద్రతను కొద్దిగా వదులుకుంటే లాభం గణనీయంగా పెరుగుతుందని వారు కనుగొన్నారు. శామ్ గాంజ్‌ఫ్రీడ్, సాండ్‌హోమ్ 2012లో మరో అడుగు వేసి, ప్రత్యర్థి తన తప్పుల ద్వారా అప్పటిదాకా ధారపోసిన మేరకు మాత్రమే సమతాస్థితి నుంచి పక్కకు జరిగితే, అతను ఎంత తెలివిగా ధోరణి మార్చుకున్నా మొత్తం మీద నష్టం రాదని చూపించారు. దూకుడు ఆటగాడి ముందు ఎంత దూరం సడలవచ్చన్న ప్రశ్నకు ఇంతకన్నా నిక్కచ్చి సమాధానం దొరకడం కష్టం.

ఆట, చట్టం, వివేకం

పోకర్ అమెరికాలో రూపుదిద్దుకున్న ఆట అయినా, పేకాటలో నైపుణ్యం, అదృష్టం ఏ పాళ్లలో ఉంటాయన్న చర్చ తెలుగు నేలకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ విషయమై 1967లో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టు, పూర్తిగా అదృష్టం మీద నడిచే మూడు ముక్కల ఆటతో రమ్మీని పోల్చరాదనీ, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అనీ పేర్కొంది. ఆ తరువాతి కాలంలో ఆన్‌లైన్ పందేల వల్ల కుటుంబాలు చితికిపోవడం చూసి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను కఠినతరం చేశాయి. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 2025లో ఆమోదించింది. ఈ జాగ్రత్తకు శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. ఆటలో నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఆడేవారందరికీ లాభం రాదు. ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే చోట, నిర్వాహకులు తమ వాటా తీసుకున్న తరువాత, ఆటగాళ్లందరి సగటు ఫలితం నష్టమే అవుతుంది. కెల్లీ సూత్రం ప్రకారం మొగ్గు లేనివారు పందెంలో పెట్టవలసిన మొత్తం సున్న.

కాబట్టి ఈ విశ్లేషణకు ఉన్న అసలు విలువ డబ్బు గెలుచుకోవడంలో కన్నా ఆలోచనా పద్ధతిలోనే ఉంది. బిగ్గరగా ముందుకు దూకే ప్రత్యర్థులు బేరాల్లోనూ, వ్యాపార పోటీల్లోనూ, రాజకీయ చర్చల్లోనూ ఎదురవుతూనే ఉంటారు. వారి స్వరాన్ని చూసి వారి బలాన్ని అంచనా కట్టకుండా, అలాంటి స్వరం ఎన్నిసార్లు వినిపించిందో, అందులో ఎన్నిసార్లు దాని వెనుక సరుకు ఉందో లెక్కించాలి. ఆ లెక్క అనుమతించిన మేరకు నడిమి బలంతో కూడా నిలబడగలగాలి. ఎదుటివారు ధోరణి మార్చుకున్నారని సాక్ష్యం కనిపించిన రోజున తామూ వెంటనే పాత కొలతకు తిరిగి రాగలగాలి. ఈ మూడింటిలో మొదటిది లేనివారు భయపడతారు, రెండోది లేనివారు ఉన్నదంతా వదులుకుంటారు, మూడోది లేనివారు నిన్నటి విజయసూత్రంతోనే రేపు ఓడిపోతారు. మూడూ అలవడినవారికి ఎదుటివారి దూకుడు భయపెట్టే ముప్పుగా గాక, చదివి అర్థం చేసుకోదగిన సమాచారంగా కనిపిస్తుంది.